నిప్పు చూపని బంధనం

ఆయన పోయాడన్న మాట నాకు తిరుపతిలో, గుగ్గిలం కొనే అంగట్లో తెలిసింది. శెట్టి పొట్లం కడుతూ, వాన రాలేదన్నంత మామూలుగా, "మీ గుడికి బందనం దంచినాయప్ప పొయ్యినాడంటనే సామీ. రెండు నెలలాయనంట" అన్నాడు.

"నీకెవరు చెప్పినారు?" అన్నాను.

"వాళ్ళ ఊరోళ్ళే. లక్క కోసరం ఇన్నాళ్ళుగా రాలేదే అని అడిగితే చెప్పినారు. మీకు తెలీదా? మీ ఊరికి నాలుగు మైళ్ళే గదా."

నాకు తెలియదు. నాలుగు మైళ్ళ దూరంలో మనిషి పోతే, రెండు నెలల తర్వాత తిరుపతి శెట్టి చెబితే తెలిసింది. అంగడి మెట్ల మీద అట్లాగే కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకొని శెట్టి విసనకర్ర తీసుకొచ్చాడు. ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయి, చంద్రగిరి బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఆయన పేరు రాయను. వాళ్ళ వాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. ఆయన బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో అందరం "వాడు" అనే అన్నాం. మా నాయన అన్నాడు, నేనూ అన్నాను. ఆయన నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఇప్పుడు "ఆయన" అని రాస్తుంటే నా చేయి నాకే కొత్తగా ఉంది.

నేను మా ఊరి గోపాలస్వామి గుడి అర్చకుణ్ణి. గుడి ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. మూలవిగ్రహం పీఠం మీద దానంతటది నిలవదు. రాతికీ రాతికీ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో కూరే ముద్దను అష్టబంధనం అంటారు. లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, సున్నపురాయి, ఇంగిలీకం, ఎర్రపత్తి, ఎనుము వెన్న అంటే గేదె వెన్న, ఈ ఎనిమిదీ కలిపి చేస్తారు. పన్నెండేళ్ళకోసారి పాతది గీకేసి కొత్తది పెట్టాలి. కొన్నిచోట్ల పొయ్యి మీద కరిగించి ఒక పూటలో ముగిస్తారు. ఆయన పద్ధతిలో పొయ్యి లేదు. బండ మీద వేసి పదకొండు రోజులు సుత్తితో కొట్టడమే. మొదటిరోజు చూస్తే ఆ ఎనిమిదీ ఈ జన్మలో కలుస్తాయని ఎవరూ అనుకోరు. లక్క చిట్లి ఎగురుతుంది, వెన్న జారిపోతుంది, పత్తి సుత్తికి అంటుకుంటుంది. నాలుగోనాటికి ముద్ద కడుతుంది. పదకొండోనాటికి చపాతీ పిండిలా సాగుతుంది. సందులో కూరిన రెండు రోజులకు అది రాయి.

ఆ పదకొండు రోజులూ ఆయన నిప్పును దగ్గరకు రానిచ్చేవాడు కాదు. రాగిసంగటి కూడా రాత్రిదే, మజ్జిగలో పిసుక్కొని తాగేవాడు. బీడీ మాత్రం ఒదులుకోలేడు. అందుకని వెలిగించని బీడీ ఒకటి చెవి వెనక పెట్టుకొని, అప్పుడప్పుడూ తీసి వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. పదకొండోనాటికి ఆ బీడీ చెమటకు నాని చుట్ట విడిపోయేది. దాన్నీ పారేయకుండా పంచె కొంగున ముడి వేసుకునేవాడు.

"కరిగిస్తే తొందరగా అవుతుంది గదా అప్పా" అని ఒకసారి అన్నాను.

"నిప్పు కరిగిస్తాది సామీ, కలపదు" అన్నాడు. "సల్లారినాక దేని గుణం దానికొచ్చేస్తాది. దెబ్బకు కలిసిందే కలిసింది."

దంచేటప్పుడు మాట్లాడడు. తల ఒకవైపు వంచి శబ్దం వింటాడు. ఎవరైనా దగ్గర్లో పోట్లాడుకుంటే సుత్తి కింద పెట్టేసేవాడు. గొడవ వింటూ దంచిన ముద్ద పగులుతుందని ఆయన నమ్మకం. మా పరిచారకుడూ, పూలు తెచ్చే ముసలామే రోజూ తగవులాడేవాళ్ళు. వాళ్ళిద్దరి నోళ్ళూ పదకొండు రోజులు మూయించింది ఆయనొక్కడే. మామూలు రోజుల్లో రాళ్ళ పని చేసుకునేవాడు, పగిలినవి అతికేవాడు. మా అమ్మ ఆవకాయ జాడీ రెండు ముక్కలైతే సున్నం, మినప్పిండి, ఇంకా ఏమేమో కలిపి అతికి ఇచ్చాడు. ఆ ఏమేమోలో కోడిగుడ్డు సొన ఉందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా అమ్మకు ఆ అనుమానమే వచ్చుంటే జాడీతో పాటు నన్నూ పెరట్లో పాతిపెట్టేది.

పని విషయంలో ఎవరి మొహమూ చూసేవాడు కాదు. ధర్మకర్త ఇంటినుంచి వెన్న పంపితే, వేలితో తీసి వాసన చూసి, "ఇది ఆవుది. ఎనుముది గావల్ల" అని గిన్నె వెనక్కి పంపాడు. ధర్మకర్త మా ఊళ్ళో పెద్ద రైతు. ఆయన ఇంటి గిన్నె వెనక్కి రావడం ఊరు ఎరగదు. ఆ పూటే వేరే వెన్న వచ్చింది గానీ, ఆ గిన్నెను ధర్మకర్త మరిచిపోలేదు.

ఇంత చేసే మనిషి గుడిలో బలిపీఠం దాటి లోపలికి రాకూడదు. ఆయన కులం అది. బండ బయట మంటపంలోనే వేసేవాళ్ళు. ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టి ఆయన దూరం జరిగితే, పరిచారకుడు నీళ్ళు చల్లి తీసుకొచ్చి నాకిచ్చేవాడు. ఎవరూ దీన్ని తప్పు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

అప్పటికి పెద్దయుద్ధం ఇంకా ముగియలేదు. మా నాయనకు చూపు తగ్గి నేను గుడి చూసుకుంటున్న రెండో ఏడు, బంధనం మార్చే ఏడు వచ్చింది. పదకొండు రోజులూ దంచాడు. పన్నెండోనాడు పొద్దున ముహూర్తం. చిత్తూరునుంచి ఎవరో అధికారి వస్తున్నాడని ధర్మకర్త ఆగమన్నాడు. అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గులతో నడిచేవి. ఆ బొగ్గుల బస్సు ఏ ఎత్తులో ఆగిందో గానీ, అధికారి రాలేదు. ముద్దలు పళ్ళెంలో గంటసేపు ఉండిపోయాయి. చివరికి ఇక తప్పదని నేను ముద్ద చేతిలోకి తీసుకుంటే బిగుసుకుపోయి, వంచితే విరిగింది. ముహూర్తం దాటిపోతోంది.

"ఇంకో నాలుగు దెబ్బలేస్తే వస్తాది, ఇటియ్యండి" అని బయటినుంచి ఆయన అంటున్నాడు.

"నాలుగు దెబ్బలకు టయిం యాడుండాది? యాగశాలలో నిప్పుండాది గదా, దాని మీద సూపించు సామీ" అన్నాడు ధర్మకర్త.

"నిప్పు సూపిచ్చద్దండి సామీ" అని ఆయన అరిచాడు. ఆ గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "నోరు మూసుకో" అన్నాడు ధర్మకర్త. నేను ధర్మకర్త వైపు చూశాను, ముద్ద వైపు చూశాను, పళ్ళెం తీసుకెళ్ళి నిప్పుల మీద పట్టాను. చక్కగా కరిగింది. మెరుస్తూ సందులోకి జారింది. అందరూ బాగుందన్నారు. బయటికొచ్చి చూస్తే, ఇస్తామన్న పంచె కూడా తీసుకోకుండా ఆయన సుత్తి ఎత్తుకొని వెళ్ళిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున అభిషేకం చేసి స్వామి పాదాలు తుడుస్తున్నాను. నా చేతి కింద విగ్రహం కదిలింది.

ఆ క్షణం ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. ఒక నూలు పోగంత కదిలింది, అంతే. వంగి చూస్తే తూర్పు వైపు బంధనం పెంకులు పెంకులుగా లేచి ఉంది, లోపల పాలు నిలిచి ఉన్నాయి. కదిలిన విగ్రహానికి పూజ ఆపాలి. పడి ముక్కైతే ఆ విగ్రహం ఇక పనికిరాదు. ఊరికి అరిష్టమంటారు. నిప్పు చూపించమన్న ధర్మకర్తను ఎవరూ ఏమీ అనరు. చేతకాని అర్చకుడని నన్ను తీసేస్తారు, చూపులేని మా నాయన్ను పెట్టుకొని నేను రోడ్డున పడతాను. ఎవరికీ చెప్పలేదు. అభిషేకం మాని నీళ్ళు చిలకరించి వారం గడిపాను. తర్వాత ఒక మధ్యాహ్నం స్వర్ణముఖి దాటి ఆయన ఊరికి పోయాను.

ఇంట్లోవాళ్ళు కూలికి పోయి, ఆయనొక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "కదిలిందా సామీ?" అన్నాడు.

తల ఊపాను.

"తూరుపు పక్కనా?"

అదీ నిజమే. "నిప్పు చూపించి తప్పు చేశాను" అని నేను అనబోతే, ఆయన వినిపించుకోకుండా, "కొత్తది దంచల్ల. పదకొండు నాళ్ళు తాళుతాదా?" అని అడిగాడు.

"తాళుతుంది. నువ్వు ఈడనే దంచియ్యి. నేను ఎవరికీ తెలియకుండా తీసుకుపోతాను" అన్నాను.

"నాలుగు మైళ్ళు పొయ్యేతలికి రాయైపోతాది. పాతది గీకి, పీఠం పక్కనే మెత్తగా కొట్టి, కొట్టింది కొట్టినట్టు కూరల్ల. మీకు సుత్తి పట్టను రాదు" అన్నాడు. అని ఆగిపోయాడు. తానే గర్భగుడిలోకి రావాల్సి ఉంటుందని అప్పుడు తెలిసినట్టుంది. "వద్దు సామీ. ఇంకేమన్నా దోవ సూసుకోండి."

వేరే దోవ లేదు. నేను బతిమాలాను. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. చివరికి మా నాయన పేరు చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కొంతసేపు సుత్తి పిడి నిమురుతూ కూర్చొని, "దంచుతా" అన్నాడు.

పన్నెండోనాడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఊరంతా చెనక్కాయ చేలల్లో ఉంది. ఏట్లో మునిగి తడిపంచెతో వచ్చాడు, ముద్ద తడిగుడ్డలో చుట్టి ఉంది. గర్భగుడి గడప దగ్గర నిలబడిపోయాడు. కాలు ఎత్తబోతాడు, దించేస్తాడు. ఆ కాలు ఆయన మాట వినలేదు. ముందు సుత్తి లోపల పెట్టాడు, తర్వాత బండ ముక్క పెట్టాడు, ఇంక పెట్టడానికి ఏమీ లేక తానొచ్చాడు. నేను తలుపు గడియ వేశాను.

వచ్చినవాడు వచ్చినట్టే పీఠం దగ్గర కూర్చున్నాడు. తల ఎత్తలేదు. నా బంధనమంతా ఉలితో గీకాడు, అటుకుల్లా రాలింది. ముద్ద బండ మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. చిన్న గది, సుత్తిదెబ్బ చెవులు పగిలేట్టుంది. దాన్ని కప్పడానికి నేను గంట వాయించాను. మిట్టమధ్యాహ్నం గంటేమిటని ఊరు అడుగుతుందన్న తెలివి నాకు లేకపోయింది.

"స్వామిని చూడు అప్పా, ఇంత దగ్గరికి వచ్చినావు" అన్నాను.

"పనైనాక సూస్తా. ఇప్పుడు సూస్తే చెయ్యి వణుకుతాది" అన్నాడు.

మూడు వైపులా అయింది. నాలుగో వైపు కూరుతుండగా తలుపు మీద దెబ్బ పడింది. "సామీ, ఎవురు లోపల? గంటేంది, ఆ సుత్తి సప్పుడేంది?" ధర్మకర్త గొంతు. వెనక ఇంకో నలుగురి మాటలు వినిపించాయి. నా చేతిలో గంట అట్లాగే నిలిచిపోయింది.

ఆయన తల కూడా తిప్పలేదు. "రవ్వంతసేపు తియ్యద్దండి. తూరుపు మూల ఉండాది" అన్నాడు మెల్లగా. తలుపు బాదుతూనే ఉన్నారు. ఆయన బొటనవేలితో ఆ చివరి ముద్దను ఒత్తి ఒత్తి సందు నింపాడు. గుడ్డతో తుడిచాడు. సుత్తి భుజాన వేసుకున్నాడు. "మీరు గంట వాయిస్తా ఉంటే నేను లోపలికి దూరినా. మీకు తెలీదు" అని, నేను ఏమీ అనకముందే గడియ తీశాడు.

బయట అదే మాట చెప్పాడు. "నిప్పు సూపిచ్చిన బందనం నిలవదని నాకి తెలుసు. అది మనసులో పడి నిద్రలేదు. నేనే దూరినా. సామి తప్పేం లేదు."

లోపలినుంచి గడియ వేసి ఉంది. లోపల నేనున్నాను. ఆ మాట అబద్ధమని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా అందరికీ ఆ అబద్ధమే కావలసి వచ్చింది. ధర్మకర్త నా వైపు తిరిగి, "అంతేనా సామీ?" అన్నాడు.

నేను తల ఊపాను.

ఈ తల ఇన్నిసార్లు ఊగింది గానీ, అంత సులువుగా ఎప్పుడూ ఊగలేదు. ఆయన్ను బండి చక్రానికి కట్టేశారు. చెప్పులతో కొట్టారు. వెన్నగిన్నె వెనక్కి పంపినప్పటి కోపం కూడా ఆ దెబ్బల్లో ఉందని నాకు తెలుసు. నేను మంటపంలో స్తంభం పక్కన నిలబడి అంతా చూశాను. ఆయన ఒక్కసారైనా నా వైపు చూస్తాడేమో అని భయపడ్డాను. చూడలేదు. పొద్దుగుంకే వేళకు కట్లు విప్పి, మళ్ళీ ఈ ఊరి పొలిమేర తొక్కితే కాళ్ళు విరుస్తామని పంపించారు. సుత్తి బావిలో పారేశారు.

మరునాడు నేనే శుద్ధి చేశాను. ఆయన కూర్చున్నచోట, నిలబడ్డచోట, మంత్రం చెబుతూ పంచగవ్యం చల్లాను. ఆయన పెట్టిన బంధనం గీకి తీసేయమని ధర్మకర్త ఆజ్ఞ. ఉలి పెట్టి కొట్టాను. జారిపోయింది. ఇంకా గట్టిగా కొట్టాను, ఉలి మొన వంగింది గానీ బంధనం మీద గీత కూడా పడలేదు. ధర్మకర్త వచ్చి వేలితో తట్టి చూసి, మళ్ళీ దంచించడానికి మనిషి లేడని గుర్తొచ్చి, "సరే, శుద్ధి జరిగింది గదా, సామి ఓర్చుకుంటాడులే" అన్నాడు. మా నాయన మాత్రం ఇంట్లో మంచం మీదినుంచి, "వాడంతట వాడే వచ్చినాడా?" అని అడిగాడు. అవునన్నాను. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఈమధ్య గుళ్ళలోకి అందరూ రావచ్చని చట్టం వచ్చింది. మా గుడిలోకి ఇద్దరు ముగ్గురు వచ్చారు కూడా. ఆయన రాలేదు. పొలిమేర తొక్కితే కాళ్ళు విరుస్తామన్న మాటను ఏ చట్టమూ కొట్టేయలేదు. నేను పోయి పిలవలేదు. ఆయనకు నా మీద కోపం ఉంటుందని, తిడతాడని, ముఖాన ఉమ్ముతాడని భయపడుతూ నాలుగేళ్ళు ఆ నాలుగు మైళ్ళూ నడవలేదు.

శెట్టి చెప్పిన మరునాడు నడిచాను.

ఇంటి ముందు ఆయన భార్య చేటలో రాగులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి లేచి, అరుగు కొంగుతో తుడిచి, తాను పక్కకు జరిగింది. ఏ మాటతో మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తుండగానే అడిగింది.

"బందనం నిలిచిందా సామీ?"

"నిలిచింది" అన్నాను. "వెంట్రుకవాసి కదల్లేదు."

ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. "ఈ మాట కోసరం నాలుగేండ్లు కాసుకోనుండె. మీ ఊరి దోవన వచ్చినోళ్ళనంతా అడగతా ఉండె, గుడి తెరిసుండాదా, పూజ జరగతా ఉండాదా అని. తెరిసుండాదంటే ఆ పొద్దు కడుపునిండా తినేది. మీరు ఎవురితోనన్నా సెప్పంపిస్తారని సూసినాడు."

నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. ఇది వినడానికి సిద్ధపడి రాలేదు. చేతకాని పిరికితనంతో నేను దాక్కున్న నాలుగేళ్ళూ ఆ మనిషికి నా మీద కోపమే లేదు. ఒక్క మాట కోసం ఎదురుచూపు ఉంది, అంతే. "నిలిచింది" అని ఏ గొర్రెలకాపరితో చెప్పినా చేరేది. నేను చెప్పలేదు.

"సామి ఎట్లుండాడు నాయనా అని మా పిలకాయలు అడిగితే, పీఠానికి తూరుపు మూల పెచ్చు లేసుండాది అని సెప్తా ఉండె" అంది ఆమె. "మొగం సూడలేదా అంటే, పనిలో ఉన్నా, సూడలే అనె."

నేనిక ఆగలేకపోయాను. "అమ్మా, ఆ పొద్దు ఆయనంతట ఆయన రాలేదు. నేనే వచ్చి బతిమాలి పిలుచుకుపోయినాను."

"తెలుసు సామీ."

"ఆయన చెప్పినాడా?"

"సచ్చేదాకా సెప్పలే. నేనే దూరినా అనె. ముప్పై ఏండ్లు కాపరం చేసినా సామీ. పిలవంది సొంత తమ్ముడి ఇంటి గడప తొక్కని మనిసి."

ఎండ మండుతోంది. గొంతు ఎండిపోయింది. దాహం తీరడానికే అడిగానో, ఇంకేదన్నా తీరుతుందనుకున్నానో గానీ, "కొంచెం నీళ్ళియ్యి తల్లీ" అన్నాను.

ఆమె తెల్లబోయి చూసింది. లోపలికి పోయి చెంబు తోమి నీళ్ళు తెచ్చింది. నా చేతికి ఇవ్వబోతూ దోవ అటూ ఇటూ చూసి, గడ్డిమోపులతో ఇద్దరు ఆడవాళ్ళు వస్తుంటే చెంబును కొంగు చాటుకు లాక్కుంది.

"వాళ్ళు పోనీండి సామీ" అంది. "ఎవురన్నా సూస్తే మీకు మాటొస్తాది."

వాళ్ళు దాటిపోయేదాకా నేను ఆగాను. ఆగి, అప్పుడు తాగాను.